పిలవని పేరు

బుధవారం పొద్దుగూకే దాకా టిటిరీ గ్రెనడా దీవికి ముద్దుబిడ్డ. గురువారం తెల్లారేసరికి అతని పేరెత్తితే ముఖం తిప్పుకునేవాళ్ళే ఊరంతా. ఈ మధ్యలో అతను ఎవరినీ కొట్టలేదు, ఎవరిల్లూ దోచలేదు. పండగల్లో జనాన్ని ఊపేసే సోకా పాటలు పాడేవాడు కలలోనైనా చేయకూడని పని ఒకటి పదివేల మంది ముందు చేశాడు, అంతే.

ఫెట్‌లో, అంటే ఆరుబయట పాటల జాతరలో, ఆఖరి పాటకి ముందు పాటగాడు దీవుల పేర్లు పిలుస్తాడు. ట్రినిడాడ్ వాళ్ళెక్కడ అంటే వాళ్ళు అరుస్తారు. సెయింట్ విన్సెంట్ వాళ్ళెక్కడ అంటే వాళ్ళ జెండాలు లేస్తాయి. చుట్టపుచూపుగా వచ్చిన వాళ్ళందరినీ పలకరించాక, చిట్టచివర, గొంతు చించుకుని పిలవాల్సింది తను నిలబడ్డ నేల పేరు. ఆ పేరు పిలిచి, ‘మీరే నా ఇల్లు’ అని ఒక మాట అంటే చాలు, జనం పాట పూర్తయ్యేదాకా నేల మీద నిలవరు. నిన్న టిటిరీ అన్ని పేర్లూ పిలిచాడు. బార్బడోస్ పేరూ పిలిచాడు. ఆ వెంటనే చేతులు పైకెత్తి, ‘మీరే నా ఇల్లు, మీ తర్వాతే ఎవరైనా’ అని పాట ఎత్తుకున్నాడు. గ్రెనడా పేరు అతని నోట రానేలేదు.

పోనీ పరాయి దీవివాడా అంటే కాదు. చేపల ఊరు గువావ్‌లో పుట్టాడు. గుప్పిట్లో వందపట్టే చిట్టిచేప ఉంటుందక్కడ, దాని పేరే టిటిరీ. చిన్నప్పుడు అంత బక్కగా ఉండేవాడని ఊరివాళ్ళు ఆ పేరు పెట్టారు. అలాంటివాడు కన్న నేల పేరు మింగేసి, పక్క దీవికి దండం పెట్టాడు. బార్బడోస్ పండగ అంతకుముందు వారమే ముగిసింది. అక్కడ పాడి డబ్బూ చప్పట్లూ మూటగట్టుకుని వచ్చాడనీ, వీడి మనసింకా అక్కడే ఉందనీ జనం తేల్చేశారు. ప్లాస్టిక్ గ్లాసులు లేచాయి, మంచుముక్కలు లేచాయి. పాట సగంలోనే ఆగిపోయింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. టిటిరీ రచ్చంతా గెలిచాడు. ఫిబ్రవరిలో ట్రినిడాడ్, జూన్‌లో సెయింట్ విన్సెంట్, ఆగస్టు మొదట్లో బార్బడోస్, సెప్టెంబర్లో న్యూయార్క్. ఏడాది పొడుగునా పండగ ఎక్కడుంటే అతనక్కడ. సొంత దీవి పండగ పోటీలో కిరీటం మాత్రం ఒక్కసారీ దక్కలేదు. ఈ ఏడు మొదటిసారి ఫైనల్‌కి వచ్చాడు. ఫైనల్ రేపే, శుక్రవారం. పోటీ నడిపేవాళ్ళు కబురు పంపారు. గురువారం పొద్దున రేడియోలో మిస్ జోస్లిన్ కార్యక్రమంలో దీవికంతటికీ క్షమాపణ చెప్పుకోవాలి. లేదంటే రేపు అతని పేరు స్టేజీ మీద ఎవరూ పిలవరు.

*

ఈ తలనొప్పంతా మోయాల్సింది వెరోనా. టిటిరీకి అక్క, మేనేజరు, బట్టలు సర్దే మనిషి, తిట్టే మనిషి అన్నీ ఆమే. తమ్ముడి పాట మొదటిసారి రేడియోలో వచ్చిన ఏడాది గువావ్‌లో జాజికాయలు ఏరే పని మానేసి అతని వెంట బయలుదేరింది. ఆ తర్వాత తనకంటూ ఒక ఇల్లుందని ఆమెకు గుర్తుకొచ్చింది తక్కువ. తమ్ముడి అసలు పేరు ఆల్స్టన్. ఆ పేరుతో పిలిచే మనిషి లోకంలో ఇప్పుడు ఆమె ఒక్కతే.

ఆ పొద్దున ఆమె ఓడరేవు పైనున్న బస ఇంట్లో తమ్ముడి గది తలుపు కొట్టింది. పిలిచింది. అరచేత్తో బాదింది. కింద కాపురమున్నవాళ్ళు బయటికొచ్చి చూశారు గాని గదిలోంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. విసిగిపోయి తలుపు తోసుకుని వెళ్ళేసరికి ఆయనగారు మంచం మీద కూర్చుని నింపాదిగా చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. అక్కను చూసి నవ్వాడు కూడా.

రెండేళ్ళుగా ఇదే తంతు. ఫోన్ చేస్తే ఎత్తడు, మెసేజ్ పెడితే జవాబిస్తాడు. పక్కన కూర్చుని గంటసేపు మంచీ చెడూ చెబితే అంతా అయ్యాక ‘ఊఁ’ అంటాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. స్టేజీ మీద పాటగాళ్ళు చెవుల్లో పెట్టుకునే బిరడాల్లాంటి స్పీకర్లు కొనిపెడితే గుచ్చుకుంటున్నాయని విసిరికొట్టాడు. బూట్లు కూడా వదిలేశాడు. గువావ్ ఒడ్డున పెరిగినవాణ్ణి, ఉత్త కాళ్ళతోనే పాడతానన్నాడు. ఆ ఒక్కటి మాత్రం వెరోనాకి నచ్చింది. పేపర్లవాళ్ళకి చెప్పి ఫోటోలు వేయించింది, పాదాల బొమ్మతో టీ-షర్టులు కొట్టించింది.

“కాగితం చదివావా?” అంది వెరోనా ఎదురుగా నిలబడి. క్షమాపణ మాటలు తనే కూర్చుని రాసింది.

“చదివాను. బాగా రాశావక్కా. నేను చెప్పను.”

“ఎందుకు చెప్పవూ?”

“చేయని తప్పుకి క్షమాపణేంటి? నేను పిలిచాను. ఒకసారి కాదు, మూడుసార్లు పిలిచాను గ్రెనడా పేరు.”

వెరోనాకి ఒళ్ళు మండింది. రాత్రంతా దీవిలో ప్రతి ఫోన్లోనూ ఆడిన వీడియో ఆమె ఫోన్లోనూ ఉంది. “మరి ఇందులో ఉన్నది ఎవరు, మన తాతయ్యా?” అని అతని ముఖం ముందు పెట్టింది. అతను చూడలేదు. చూడాల్సిన పని లేదన్నాడు. తను పిలిచిన పేరు తనకు తెలుసన్నాడు. తప్పు చేసినవాణ్ణి భరించవచ్చు. తప్పు చేసి, పదివేల మంది సాక్షులుండగా, చేయలేదని మొండికేసేవాణ్ణి ఏం చేసుకోవాలో వెరోనాకి తెలియలేదు.

వీధి మలుపులో మిస్ ఐనా వేయించిన రొట్టెలూ, ఉప్పుచేప కూరా అమ్ముతుంది. వీళ్ళిద్దరూ బడికెళ్ళే రోజుల్లో గువావ్‌లో అమ్మేది, ఇప్పుడు ఇక్కడికి మారింది. వెరోనా పొట్లం వెరోనాకిచ్చి, టిటిరీ వైపు తిరక్కుండానే, “బార్బడోస్ దొరగారికి మా రొట్టెలు అరగవు గాని, పోనీ పాపం, ఆకలేస్తుంటే తినమను” అంది. చుట్టూ నిలబడ్డవాళ్ళు కిసుక్కున నవ్వారు. టిటిరీ ఆమెకు వినయంగా తలవంచి, “నీ చేతి వంట తిని ఎన్నాళ్ళయిందో ఆంటీ” అని పొట్లం అందుకున్నాడు. మిస్ ఐనా నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. సిగ్గూ ఎగ్గూ ఉన్నవాణ్ణి తిడితే ఒక తృప్తి. తిట్టినా దీవించినా ఒకటే నవ్వు నవ్వేవాడితో ఎవరికేం తృప్తి?

మినీబస్సువాడు ఇంకో రకం. ఎక్కేటప్పుడు ఏమీ అనలేదు. ఎక్కాక పోయినేడు కిరీటం గెలిచిన పాట పెట్టి, అద్దాలు అదిరేలా పెంచి, ఇది మన దీవిని మరిచిపోనివాడి పాటని దారిపొడుగునా ఎక్కినవాళ్ళకీ దిగినవాళ్ళకీ చెప్పాడు. వెనక సీట్లో ముసలాయనొకడు నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని వంత పలికాడు. వెరోనా తల ఎత్తలేకపోయింది. టిటిరీ మాత్రం కిటికీ అద్దానికి అరచెయ్యి ఆనించి, సముద్రం వంక చూస్తూ, ఆ పాటకే తాళం తప్పకుండా తల ఊపుతున్నాడు. ఆమె మోచేత్తో పొడిచింది. అతను ఉలిక్కిపడి, “ఏంటక్కా, వచ్చేశామా?” అన్నాడు.

*

రేడియో స్టేషన్ కొండ మీద, పాత ఇల్లొకటి మార్చి కట్టింది. ముందుగదిలో రెండు కుర్చీలు, ఒక ఫ్యాను, బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి. లోపల మిస్ జోస్లిన్ గొంతు గోడలోంచి సన్నగా వినిపిస్తోంది. ముప్పై ఏళ్ళుగా ఈ దీవి ఆ గొంతుతోనే నిద్ర లేస్తోంది. వార్తలయ్యాక పిలుస్తామని అమ్మాయి చెప్పింది. టిటిరీ లేచి వెళ్ళి కిటికీ దగ్గర, వీపు ఇటు పెట్టి నిలబడ్డాడు.

వెరోనా ఫోన్ తీసింది. పుండును గిల్లుకోవడం లాంటి అలవాటు ఈ వీడియో. ఊరంతా తిరుగుతున్నది జనంలోంచి తీసిన పొట్టి ముక్క. ఇప్పుడు ఆమె తెరిచింది స్టేజీ పక్కనుంచి పినతల్లి కూతురు తీసి పంపిన పొడవాటిది. నొక్కగానే గోల మొదలైంది. బల్ల దగ్గరి అమ్మాయి పెదవి మీద వేలు పెట్టింది. లోపల ప్రసారం నడుస్తోంది, చప్పుడు తీసేయమంది. వెరోనా చప్పుడు తీసేసింది.

ఇన్నిసార్లూ ఆమె ఆ వీడియోను విన్నదే గాని చూడలేదు. ఇప్పుడు వినడానికేమీ లేకపోయేసరికి చూసింది.

టిటిరీ మైకు నోటి దగ్గర పెట్టుకుని ఉన్నాడు. ముందు వరుసల్లో నీలం, పసుపు జెండాలు లేచాయి. అంటే బార్బడోస్ పేరు పిలిచాడన్న మాట. తర్వాత అతను ఊపిరి నిండా పీల్చుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నోరు తెరిచాడు. మెడనరాలు ఉబ్బాయి. పెదవులు కదిలాయి. అవి కదిలిన తీరు వెరోనాకి తెలుసు. వీడికి మాటలు నేర్పిందే తను.

గ్రెనడా.

ఇంకోసారి. ఇంకోసారి. మూడుసార్లు.

వెరోనా వీడియోను వెనక్కి జరిపింది. ఈసారి మైకు చూసింది. మైకు అడుగున వెలగాల్సిన చిన్న ఆకుపచ్చ దీపం ఆరిపోయి ఉంది. బార్బడోస్ అన్నాక ఆరింది. మూడుసార్లు గ్రెనడా అన్నంతసేపూ ఆరే ఉంది. అతను చేతులు పైకెత్తిన కుదుపుకి మళ్ళీ వెలిగింది. ‘మీరే నా ఇల్లు’ అన్న మాట జనానికి చేరింది గాని, ఆ ఇల్లేదో చెప్పిన మాట మైకులోనే ఉండిపోయింది. డప్పులూ బాకాలూ మోగుతున్న హోరులో మధ్యలో ఒక మాట రాలేదని ఎవరికి తట్టింది? ముందు పిలిచిన పేరుకీ, వెనక అన్న మాటకీ ముడిపెట్టేసుకున్నారు.

వెరోనాకి ముందు ఏడుపొచ్చినంత సంతోషం వచ్చింది. వీడు నిజమే చెప్పాడు. మూర్ఖపు వెధవ, పొద్దుట్నుంచీ నిజమే చెబుతున్నాడు. వీడియో మిస్ జోస్లిన్‌కి చూపిస్తే చాలు, క్షమాపణ చెప్పాల్సింది ఊరే.

“ఆల్స్టన్” అని పిలిచింది. “ఒరే, ఇలా రా.”

అతను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.

అప్పుడు రెండో ఆలోచన వచ్చింది. అది మొదటిదాని మెడ పట్టుకుని పక్కకి లాగేసింది. మైకు ఆగిపోతే బడిలో పాడే పిల్లకైనా తెలుస్తుంది. తన గొంతు స్పీకరు పెట్టెల్లోంచి రాకపోతే పాటగాడు ఆగుతాడు, మైకు మీద వేలితో కొడతాడు, వెనక్కి తిరిగి సౌండువాణ్ణి తిడతాడు. ఇరవై ఏళ్ళుగా పాడుతున్నవాడు కళ్ళు మూసుకుని, చచ్చిన మైకులో, ప్రాణం పెట్టి మూడుసార్లు ఎలా అరిచాడు?

“ఆల్స్టన్, ఫైనల్లోంచి నీ పేరు తీసేశారు” అంది వెరోనా, అతని వీపు వైపు చూస్తూ. బల్ల దగ్గరి అమ్మాయి తలెత్తి చూసింది. “అమ్మ కట్టించిన ఇల్లు కూడా తగలబడిపోయిందట.”

అతను మెడ గోక్కున్నాడు. కింద రేవులో పడవ వంక చూస్తున్నాడు.

తలుపు బాదిన చప్పుడు, ఎత్తని ఫోన్లు, మిస్ ఐనాకి వినయంగా వంచిన తల, బస్సు అద్దానికి ఆనించిన అరచెయ్యి, విసిరికొట్టిన స్పీకర్లు. ఒక్కొక్కటే వచ్చి ఆమె ముందు కూర్చున్నాయి. ఆఖరున ఉత్త కాళ్ళు వచ్చాయి. స్టేజీ చెక్కల మీద ఉత్త కాళ్ళు. తను టీ-షర్టుల మీద అచ్చు కొట్టించి అమ్మిన పాదాలు.

ఆమె లేచి వెళ్ళి అతని భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. అతను ఆమె కళ్ళలోకి చూడలేదు. పెదవుల వంక చూశాడు. ఎప్పుడూ అలాగే చూస్తున్నాడు. తను గమనించలేదు.

“ఎప్పట్నుంచి?” అంది.

అతనికి దేని గురించని అడగాల్సిన పని లేకపోయింది. “కుడి చెవి పోయి రెండేళ్ళు దాటింది. ఎడమదాంట్లో కొంచెం ఉంది. ఉరిమితే తెలుస్తుంది. నువ్వు బాగా తిడితే తెలుస్తుంది” అన్నాడు.

“హాస్యాలాడకు నాతో.”

“హాస్యం కాదక్కా.”

మెల్లమెల్లగా చెప్పాడు. బల్ల దగ్గరి అమ్మాయికి వినపడకుండా ఉండాలని గొంతు తగ్గించాననుకున్నాడు. ఆ గొంతు ఎంత తగ్గిందో అతనికే తెలియదు గనక వెరోనా అతన్ని వరండాలోకి లాక్కుపోవాల్సి వచ్చింది. పండగ ట్రక్కుల మీద, మనిషంత ఎత్తు స్పీకర్ల పక్కన ఇన్నేళ్ళు నిలబడితే ఏమవుతుందో అదే అయిందని ట్రినిడాడ్‌లో డాక్టరు చెప్పాడట. ఈ సంగతి డ్రమ్ములు వాయించే ఆత్నియెల్‌కి తప్ప ఎవరికీ తెలియదు. పాట ఎక్కడ ఎత్తుకోవాలో, జనం ఎంత అరుస్తున్నారో అతనే కర్ర ఎత్తి సైగ చేస్తాడు. తక్కినదంతా కాళ్ళ కింద చెక్కలు చెబుతాయి. కొత్త పాటలు స్పీకరు మీద చెయ్యి పెట్టి నేర్చుకున్నాడు. నిన్న ఆత్నియెల్‌కి జ్వరం. అతని బదులు వచ్చిన కుర్రాడికి ఏమీ తెలియదు.

జనం గ్లాసులు విసిరేదాకా, వాళ్ళు ఊగిపోతున్నారనే అనుకున్నాడట.

వెరోనాకి తన్నుకొచ్చిన కోపం ఎవరి మీదో ఆమెకే అర్థం కాలేదు. “రెండేళ్ళు. రెండేళ్ళుగా నేను గోడని తిడుతున్నానా? నాకు చెప్పడానికి నీకేం రోగం?”

“చెబితే నువ్వు ఆపేయిస్తావు.”

“ఆపేయించనా మరి? ఉన్న ఆ కాస్తా పోగొట్టుకునేదాకా చూస్తూ కూర్చోనా?”

“అందుకే చెప్పలేదు.”

 ఈ తమ్ముడితో ఎప్పుడూ ఇంతే. ఎంత పెద్ద గొడవైనా చివర్లో ఒక చిన్నమాట అని నోరు మూయిస్తాడు.  వెరోనా ఫోన్ అతని చేతిలో పెట్టి, ఆరిపోయిన దీపం చూపించింది. అతను చూశాడు. తన పెదవులు చూసుకున్నాడు. ముఖం వెలిగింది.

“చెప్పానా, పిలిచానని.”

“చెప్పావు. నాదే బుద్ధి తక్కువ. పద లోపలికి. ఇది మిస్ జోస్లిన్‌కి చూపిద్దాం. నువ్వెవరికీ క్షమాపణ చెప్పక్కర్లేదు.”

అతను ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. ఆ వెలుగు అప్పుడే ఆరిపోయింది. “చూపిస్తే ఏమడుగుతారు? మైకు పోయిందయ్యా, సరే. పోతే నీకు తెలియలేదేం అని అడగరూ?”

వెరోనా ఫోన్ సంచీలో పడేసింది.

“రాసిన కాగితం ఏది? ఇటు తే.”

“చేయని తప్పుకి క్షమాపణేంటన్నది నువ్వే కదరా.”

“పొద్దున అన్నాను. అప్పుడు మైకు సంగతి తెలియదు.” అతను చెయ్యి చాపాడు. “నోరు జారినవాణ్ణి ఈ ఊరు తిడుతుంది, వచ్చే ఏటికి మరిచిపోతుంది. చెవులు పోయినవాణ్ణి చూసి జాలిపడుతుంది. జాలిపడ్డవాడికి ఎవరూ కిరీటం పెట్టరక్కా. న్యూయార్క్ నుంచి ఎవడూ టికెట్ పంపడు. నన్ను రేపొక్కసారి ఇక్కడ పాడనీ. ఇంట్లో ఒక్కసారి గెలవనీ. తర్వాత నువ్వు ఆపేయమంటే ఆపేస్తాను.”

పొద్దుట్నుంచీ ఈ కాగితం చదవరా బాబూ అని కాళ్ళావేళ్ళా పడింది వెరోనా. ఇప్పుడు అదే కాగితం సంచీలోంచి తీయడానికి చెయ్యి రాలేదు. తన తమ్ముడు కన్న నేల పేరును ప్రాణం పెట్టి పిలిచాడు. పిలవలేదని అతని నోటితోనే ఒప్పుకోవాలి. మాటలు తనే రాసింది, ఎంతో చక్కగా రాసింది.

లోపలినుంచి అమ్మాయి పిలిచింది.

*

స్టూడియో ఇరుకు గది. మిస్ జోస్లిన్ ముఖం మైకు మీదున్న నల్లటి నురగ బంతి వెనక ముక్కు దాకా దాగిపోయింది. టిటిరీ అది చూసి వెరోనా వంక చూశాడు. వెరోనాకి అర్థమైంది. ఎవరూ కూర్చోమనకుండానే కుర్చీ లాక్కుని అతనికి సరిగ్గా ఎదురుగా, మిస్ జోస్లిన్ భుజం వెనక కూర్చుంది. మిస్ జోస్లిన్ హెడ్‌ఫోన్లు ఇస్తే అతను బుద్ధిగా పెట్టుకున్నాడు. వినడానికి అవి అతనికి టోపీ అంత ఉపయోగం.

“నీ పెదవులైతే నాకు ఇబ్బంది లేదు” అని అతను ఇందాకే వరండాలో చెప్పాడు. “చిన్నప్పట్నుంచీ చూస్తున్నవే. ఎక్కువగా తిట్లే కాబట్టి తేలిక.”

మిస్ జోస్లిన్ అడిగిన ప్రతి మాటనూ వెరోనా చప్పుడు లేకుండా పెదవులతో చెప్పింది. అతను ఆమె పెదవులు చదివి మిస్ జోస్లిన్‌కి జవాబిచ్చాడు. చూసేవాళ్ళకి అక్క ధైర్యం చెబుతోందనిపిస్తుంది. క్షమాపణ చదివాడు. ‘నా నేల పేరు మరిచాను’ అన్న చోట గొంతు నిజంగానే బొంగురుపోయింది. అది నటన కాదని ఆ గదిలో ఒక్క వెరోనాకే తెలుసు. 

ఫోన్లు మొదలయ్యాయి. ఒకాయన తిట్టాడు. ఒకాయన ఇంకాస్త తిట్టి, రేపు మాత్రం బాగా పాడమన్నాడు. గువావ్ నుంచి చేపలమ్మే ఆవిడ మాట్లాడింది. పిల్లాడు నోరు జారాడని తల్లి తలుపేసుకుంటుందా, ఇంటికొచ్చి అన్నం తిని పొమ్మను అంది. వెరోనా ఆ మాటలను పెదవులతో ఒక్కొక్కటిగా చెప్పింది. టిటిరీ కళ్ళు తుడుచుకున్నాడు. మిస్ జోస్లిన్ కూడా మెత్తబడింది. గట్టెక్కామనుకుంది వెరోనా. ఇంకొక్క ఫోన్ తీసుకుని ముగిస్తానంది మిస్ జోస్లిన్.

ఆ ఒక్కటీ తీసుకోకపోతే బాగుండేది.

“నా పేరు రూథ్వెన్ లెసీ” అన్నాడు ఫోన్లో మనిషి. మాట తడబడుతోంది. “నిన్న ఫెట్‌లో సౌండు నాది మిస్. అతను తప్పు ఒప్పుకుంటుంటే వినలేక చేస్తున్నాను. ఆ మైకులో బ్యాటరీ వదులుగా ఉంది. నాకు తెలుసు. మారుద్దాం మారుద్దాం అనుకుని మార్చలేదు. సరిగ్గా ఆ సమయానికి ఆగింది, మళ్ళీ వచ్చింది. అతను గ్రెనడా పేరు పిలిచాడు మిస్. నేను కళ్ళారా చూశాను. పని పోతుందని నోరు మూసుకున్నాను. క్షమాపణ చెప్పాల్సింది అతను కాదు, నేను.”

మిస్ జోస్లిన్ కుర్చీలో నిటారుగా కూర్చుంది. ముప్పై ఏళ్ళలో ఇలాంటి పొద్దు ఆమెకు ఎన్నిసార్లు దొరికి ఉంటుంది? ఫోన్ దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. వెరోనా పెదవులు కదల్చడం మరిచిపోయింది. టిటిరీ ఏం జరిగిందో తెలియక, మర్యాదగా నవ్వుతున్నాడు.

“నాయనా టిటిరీ” అంది మిస్ జోస్లిన్, గొంతులో ఎక్కడ లేని ప్రేమ ఒలకబోస్తూ. “నువ్వు పిలిచావు. పిలిచి కూడా ఇక్కడికొచ్చి తల వంచావు. ఈ దీవి నీకేమిచ్చి ఋణం తీర్చుకుంటుంది? కానీ ఒక్క మాట చెప్పు, నాకే కాదు, వింటున్న వాళ్ళందరికీ ఇదే అనుమానం వచ్చుంటుంది. మైకు ఆగిపోయిందని నీకెందుకు తెలియలేదు?”

 గోడ మీద ప్రసారపు ఎర్ర దీపం వెలుగుతోంది. మిస్ ఐనా బల్ల దగ్గర, మినీబస్సుల్లో, గువావ్ చేపల బజార్లో, దీవి మొత్తం జవాబు కోసం చెవి ఒగ్గింది.

టిటిరీ హెడ్‌ఫోన్లు సర్దుకున్నాడు. ముఖం నిండా నవ్వుతో, అక్క పెదవుల మీదే చూపు నిలిపి, ప్రశ్న కోసం ఎదురుచూస్తున్నాడు.

వెరోనా పెదవులు కదలలేదు.